మోకాలికీ గేర్‌బాక్సుకీ ముడి

కొత్త కారు తాళాలు చేతికొచ్చాక మనవాళ్లు చేసే పనులు మీకు తెలియనివి కావు. గుడి ముందు ఆపి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించడం, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు, పూజారిగారికి దక్షిణ. అక్కణ్ణుంచి ఇంటికి వెళతారా? వెళ్లరు. సీటు కవర్లు వేయించాలి. కింద మ్యాటింగు పరిపించాలి. హారన్ మరీ పీలగా ఉందని మార్పించాలి. ఆ ఇంట్లో పాతికేళ్ల కుర్రాడుంటే వారం తిరక్కుండానే రెండో అంకం మొదలవుతుంది. రిమ్ములు చిన్నవిగా ఉన్నాయి, లైట్లు మసగ్గా ఉన్నాయి, పికప్ చాల్లేదు.

ఇంత హడావిడిలో గ్లవ్ బాక్సులో ఓ పుస్తకం అలాగే పడి ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. వారంటీ మూడేళ్లా, లక్ష కిలోమీటర్లా అన్నది అందరికీ నోటికొచ్చు. మారుతీ వాళ్లు 2024 జూలైలో రెండేళ్లు, 40 వేల కిలోమీటర్లను మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచితే ఆ మర్నాటికే మా అపార్టుమెంటులో వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయింది. తెలియనిదల్లా ఆ పుస్తకంలో చివరికి దగ్గర్లో ఉండే చిన్నక్షరాల పేజీ. వారంటీ ఎప్పుడు వర్తించదో రాసి ఉండేది అక్కడ. రేసులకు వాడితే రాదు, ఓవర్ లోడు వేస్తే రాదు, బండికి మార్పులు చేస్తే రాదు. ఈ మూడోదాని గురించే ఇవాళ మన కబుర్లు. టీ పెట్టుకుని రండి, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

కారులో అన్నిటినీ వదిలేసి గేర్‌బాక్సునే ఎందుకు పట్టుకున్నానంటే దానికో కారణముంది. ఏసీ చెడితే చెమటలు పడతాయి, కిటికీ దిగకపోతే టోల్ గేట్ దగ్గర తలుపు తీస్తాం. ఆటోమేటిక్ గేర్‌బాక్సు పోతే బండి నడిరోడ్డు మీద బైఠాయిస్తుంది, బిల్లు లక్షల్లోకి పోతుంది. ఇన్సూరెన్సు ఉందిగా అంటారేమో. లేదు. మన మోటారు పాలసీల్లో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అన్నవి మినహాయింపులు. ఎవడైనా వచ్చి గుద్దితే ఇన్సూరెన్సు, వరదనీళ్లలో మునిగితే ఇన్సూరెన్సు, తనంతట తాను చెడిపోతే మాత్రం వారంటీయే దిక్కు. ఆ దిక్కు కూడా మూసుకుపోతే మిగిలేది మన జేబు.

పాత మాన్యువల్ గేర్‌బాక్సులతో ఇంత గొడవ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సు దించి, విప్పి, పళ్లు అరిగిన గేరు తీసేసి కొత్తది వేసి, మళ్లీ ఎక్కించగల చేతులు ఎన్ని లేవు! పెద్ద మేస్త్రీలు చప్పుడు వినే ఏ బేరింగు పోయిందో చెప్పేస్తారు. ఆటోమేటిక్ అలా కాదు. అందులో సగం ఇనుము, సగం లెక్క. ఎప్పుడు ఏ గేరు వెయ్యాలి, లోపలి ప్లేట్లను ఎంత గట్టిగా బిగించి పట్టుకోవాలి అన్నది ఒక కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ కంప్యూటరు తన బుర్రతో తానే తేల్చదు. ఇంజన్ కంప్యూటర్ని అడుగుతుంది: 'ఇప్పుడు నువ్వెంత బలం పంపిస్తున్నావు?' అది చెప్పిన అంకెను నమ్మి, దానికి తగిన ఆయిల్ ప్రెషరుతో ప్లేట్లను నొక్కుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు మార్పుల సంగతికొద్దాం. అన్నిటినీ ఒకే గాట కట్టడం అన్యాయం. సీటు కవర్లకూ గేర్‌బాక్సుకూ ఏ చుట్టరికమూ లేదు. లైట్లు, హారన్లు, ఆంప్లిఫయర్లు వైరింగుతో చెలగాటం. కంపెనీ వైరు కోసి, ఇన్సులేషన్ టేపు చుట్టి అతుకులు వేస్తే రేపు కరెంటు గొడవలొచ్చినప్పుడు మాట్లాడ్డానికి మనకు నోరుండదు. అంతేగానీ ఆ అతుకు చూపించి గేర్‌బాక్సు ప్లేట్లు అరిగాయంటే మాత్రం అది మోకాలికీ బోడిగుండుకూ ముడి.

రిమ్ముల దగ్గర వ్యవహారం కొంచెం చిక్కుగా ఉంటుంది. కంపెనీవాళ్లు 195/55 ఆర్16 టైరు ఇచ్చారనుకోండి, దాని ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. కుర్రాడు 17 అంగుళాల రిమ్ముకెళ్లి 205/50 వేశాడు. ఎత్తు 637 అయింది. తేడా రెండున్నర శాతం పైచిలుకు. మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 103లో పోతుంటుంది, అంతే. దీనికి ఏ గేర్‌బాక్సూ కుప్పకూలదు. అదే 17 రిమ్ము మీద 215/55 వేయించాడా, ఎత్తు 668 దాటుతుంది, ఏడున్నర శాతం. ప్రతిసారీ ఆగిన బండిని కదిలించడానికి గేర్‌బాక్సు అంత ఎక్కువ బరువు లాగాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉండాలో కంప్యూటరు వేసుకున్న లెక్క కూడా తప్పుతుంది. ఇలాంటి బండి సర్వీస్ సెంటరుకొస్తే వాళ్లు టైరు వంక చూడ్డంలో తప్పేం లేదు.

అసలు దెబ్బ ఇంజన్ దగ్గర. డీజిల్ బండికి ట్యూనింగ్ బాక్సని ఒకటి దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత పెట్టె. బానెట్ ఎత్తి, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే కామన్ రైలు మీదున్న ప్రెషర్ సెన్సరు ప్లగ్గు ఊడదీసి, మధ్యలో దీన్ని తగిలిస్తారు. అరగంట పని, వైరు కూడా కొయ్యనక్కర్లేదు. అది చేసే పనల్లా అబద్ధం చెప్పడం. రైలులో నిజంగా ఉన్న ప్రెషరు కంటే తక్కువుందని ఇంజన్ కంప్యూటరుకి చెబుతుంది. అయ్యో తక్కువైందే అని అది ప్రెషరు పెంచుతుంది. ప్రతి ఇంజెక్షనులోనూ కాస్త ఎక్కువ డీజిల్ పడుతుంది. బండి ఎగురుతుంది. కుర్రాడు కూడా ఎగురుతాడు.

అయితే ఇంజన్ కంప్యూటరుకి తానెక్కువ బలం పంపుతున్నట్టు తెలియదు కదా. అందుకని గేర్‌బాక్సు అడిగినప్పుడు పాత అంకే చెబుతుంది. 320 న్యూటన్ మీటర్లు పంపుతున్నానంటుంది, వచ్చేది 380. గేర్‌బాక్సు 320కి తగ్గట్టే ప్లేట్లను నొక్కుతుంది. అరవై ఎక్కువొచ్చిపడితే ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారతాయి. జారితే వేడి, వేడికి పూత మాడుతుంది, మాడితే ఇంకా జారతాయి. ఆ జారుడు మొదట్లో డ్రైవరుకి అంతుపట్టదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు ఒక్కసారి పైకి లేచి మళ్లీ కిందికొస్తుంది, అంతే. బండి మాంచి ఊపు మీదుందని మురుస్తాడు.

పద్ధతిగా రీమ్యాప్ చేసేవాళ్లు, అంటే ఇంజన్ సాఫ్ట్‌వేర్నే మార్చేవాళ్లు, ఈ అంకెల్ని కూడా సరిచేస్తారు, గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్ని కూడా ముట్టుకుంటారు. అది వేరే స్థాయి పని, దాని ఖర్చూ వేరు. నా మట్టుకు నాకు వాళ్ల మీద కోపమేం లేదు. ఏం చేస్తున్నారో వాళ్లకు తెలుసు, వారంటీ మీద ఆశ వదులుకుని చేస్తున్నామని చేయించుకునేవాడికీ తెలుసు. నాకు ఒళ్లు మండేది ఆ పెట్టె అమ్మేవాడు 'సర్వీసుకి వెళ్లేముందు పీకేయండి సార్, ఎవరికీ తెలీదు' అన్నప్పుడే.

ఆ మాట మా మేనల్లుడితోనూ అన్నారు. వాడు మియాపూర్‌లో ఉంటాడు, డీజిల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్. కంపెనీ పేరు చెప్పను, మీరూ అడక్కండి. ఒకరోజు పొద్దున్నే ఫోను.

"మావయ్యా, బండి మూడో గేరు దాటట్లేదు. ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తోంది గానీ కదలట్లేదు."

"ఎక్కడున్నావురా?"

"సర్వీస్ సెంటర్లో. గేర్‌బాక్సు మొత్తం మార్చాలంటున్నారు. వారంటీ రాదంటున్నారు. పెట్టె సంగతి తెలిసిపోయింది."

పెట్టె పీకేసే తీసుకెళ్లాడు పాపం. కానీ సెన్సరు ప్లగ్గు మీద కొత్తగా పడ్డ గీతలు, పెట్టెను కట్టిన జిప్ టై ముక్క ఒకటి బ్యాటరీ పక్కనే ఉండిపోయాయి. సర్వీస్ అడ్వైజర్ ఆ ముక్క వేళ్లతో పట్టుకుని చూపించాడట. మనవాడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని అంతా ఒప్పేసుకున్నాడు. ఒప్పుకోవడం మంచిదే అయింది, ఎందుకో తర్వాత చెబుతాను.

నేను అడిగింది ఒకటే. "రాదన్న మాట కాగితం మీద రాసిచ్చారా?"

"లేదు మావయ్యా, కౌంటర్లో చెప్పారు."

నోటిమాట నీటిమూట. కౌంటరు దగ్గర 'రాదు సార్' అనడం చాలా తేలిక. ఏ పార్టు పోయింది, ఏ ఫాల్ట్ కోడు వచ్చింది, మీరు పెట్టిన పెట్టె వల్లే అది పోయిందని మేం దేన్ని చూసి అంటున్నాం అని సంతకం పెట్టి రాయమనండి, అప్పుడు లోపలికెళ్లి నిజంగా విప్పి చూస్తారు. మావాడితో అదే మెయిలు పెట్టించాను. స్కానరులో వచ్చిన కోడ్ల ప్రింటు, జాబ్ కార్డు కాపీ, తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా కావాలని మర్యాదగా, నాలుగు వాక్యాల్లో.

వాళ్లు చూసేలోగా మనం చట్టం సంగతి కాస్త చెప్పుకుందాం. ఈ విషయంలో ముందు దారి వేసింది అమెరికా. 1975లో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం సెనేటరు మాగ్నసన్, కాలిఫోర్నియా కాంగ్రెసు సభ్యుడు మాస్, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. బయటి పార్టు వాడావు కాబట్టి వారంటీ రద్దు అని గంపగుత్తగా అనడానికి కంపెనీకి వీల్లేదు. ఆ పార్టు వల్లే ఈ నష్టం జరిగిందని చూపించగలిగితేనే, ఆ నష్టం మేరకు కాదనొచ్చు. చట్టం పాతదే అయినా దాని కోరలు ఊడలేదు. ఇలాంటి షరతులు పెట్టారని 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లీ డేవిడ్సన్ మీద కూడా చర్య తీసుకుంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఈ చట్టం పేరు చెప్పి ధైర్యంగా ట్యూనింగులు చేయించుకుంటారు. వాళ్లకో మాట. చట్టం మీకు అండగా ఉంటుంది గానీ, కంపెనీల దగ్గరా జ్ఞాపకశక్తి ఉంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ బళ్లలో సాఫ్ట్‌వేర్ మార్చినట్టు డీలరు స్కానరుకి దొరికితే ఆ బండి నంబరు మీద టీడీ1 అని ఒక గుర్తు పడుతుంది. తర్వాత పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నా ఆ గుర్తు దానంతటది పోదు. ఆ తర్వాత ఇంజన్, గేర్‌బాక్సు క్లెయిము ఏదొచ్చినా మొదట దాన్నే చూస్తారు.

మరి మన దగ్గరో? అమెరికాలో లాంటి ప్రత్యేకమైన వారంటీ చట్టం మనకు లేదు. కానీ 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన తీర్పు ఒకటుంది. అది తెలిసినవాళ్లు తక్కువ. స్పేరు పార్టులు బయట దొరకనివ్వడం లేదని, సర్వీసుకు కావలసిన పరికరాలు, సమాచారం బయటి మెకానిక్కులకు ఇవ్వడం లేదని 2011లో ఒక వినియోగదారుడు పెట్టిన కేసు అది. మూడు కంపెనీల మీద మొదలై పదిహేడు కంపెనీలకు పాకింది. వాటిలో పద్నాలుగింటికి కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేశారు. ఆ తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది, ఆ పురాణం మనకొద్దు. మనకు కావలసింది అందులో వారంటీ గురించి చెప్పిన మాట. బయట రిపేరు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేస్తామని షరతు పెట్టకూడదు, బయటి పని సరిగా లేక ఏ నష్టం జరిగిందో ఆ మేరకే రద్దు చేయొచ్చు.

ఇది బయటి రిపేరు గురించి చెప్పిన మాట. ట్యూనింగ్ బాక్సుల గురించి కాదు. ఆ తేడా దాచిపెట్టి మిమ్మల్ని ఉసిగొల్పను. కానీ లోపలి తర్కం ఒకటే, 'దానివల్ల ఇది' అన్న లంకె కావాలి. మీ వారంటీ పుస్తకం తీసి ఆ చిన్నక్షరాల వాక్యం ఒకసారి చదవండి. 'మార్పుల వల్ల కలిగిన లోపాలకు వర్తించదు' అని ఉందా, 'మార్పులు చేసిన వాహనానికి వర్తించదు' అని ఉందా? మొదటిది ఉంటే మీ చెయ్యి పైన. రెండోది ఉంటే కథ కష్టం, అయినా ముగిసిపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందాల గురించి విడిగా ఉంది. అయితే దాన్ని ప్రశ్నించాలంటే జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి.

మామూలు లోపం ఫిర్యాదైతే జిల్లా కమిషన్ చాలు. కట్టిన ధర 50 లక్షలలోపుంటే అక్కడే. పదీ ఇరవై లక్షల మధ్య కారుకి ఫీజు 400 రూపాయలు. మా మేనల్లుడు ఫ్యాన్సీ నంబరుకి పెట్టినదాంట్లో అది ఏ మూలకి! గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915కి ఫోన్ చేస్తే చాలాసార్లు కంపెనీవాళ్లే దిగొస్తారు. కానీ ఒకటి. లోపం కంటికి కనపడనిదైతే నిపుణుడి రిపోర్టు కావాలి. కమిషనే ల్యాబుకి పంపించొచ్చు, ఆ ఖర్చు ముందు మనచేత కట్టించొచ్చు. రిపోర్టు లేకుండా 'బండి బాగాలేదండీ' అని వెళితే జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు? కొత్త కారు ఇప్పించండని అడిగేవాళ్లూ ఉన్నారు. 2006లోనే ఒక మారుతీ కారు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, వారంటీలో పార్టు మారుస్తామని ఉంటే పార్టే మార్చాలి, కారు మొత్తం మార్చమనలేం.

ఇంకో చట్టం మన వీపు వెనకాల నిలబడి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతిలేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల జైలు, లేదా రెండూ. అవతలి లాయరు కోర్టులో మొదట ఎత్తేది ఇదే. గేర్‌బాక్సు ఎందుకు పోయిందన్న ప్రశ్న పక్కకుపోయి, మనవాడే చట్టం తప్పాడన్న మాట ముందుకొస్తుంది. గేర్‌బాక్సుకు అదేం జవాబు కాదు, కానీ వినేవాళ్ల మొహం మారిపోతుంది.

కంపెనీవాళ్లంతా దొంగలు, మనమంతా అమాయకులం అని రాస్తే మీరు చప్పట్లు కొడతారేమో గానీ అది నిజం కాదు. అరవై న్యూటన్ మీటర్లు అదనంగా తోసి, ప్లేట్లు మాడబెట్టి, పెట్టె పీకేసి, ఏమీ ఎరగనట్టు ఉచితంగా మార్చమనడం కూడా దబాయింపే. ఆ ఖర్చు చివరికి వారంటీ ధరలో కలిసి, మార్పుల జోలికి పోని మీ నెత్తినా నా నెత్తినా పడుతుంది.

అలాగని పోయిన ప్రతి గేర్‌బాక్సూ యజమాని పాపమూ కాదు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఏడు గేర్ల డీఎస్‌జీ సంగతే చూడండి. రెండు క్లచ్చులు, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. ఆయిల్లో మునగని పొడి క్లచ్చులు. 250 న్యూటన్ మీటర్ల దాకా తట్టుకునేలా కట్టారు. మన దేశంలో 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ ఇంజన్ ఇచ్చేది 175. అంటే బోలెడు వెసులుబాటు. అయినా ఆ గేర్‌బాక్సులు చైనాలో పేచీ పెట్టాయి. 2013 మార్చి 15న అక్కడి సర్కారీ టీవీలో వినియోగదారుల దినోత్సవం కార్యక్రమంలో జనం గోడు వెళ్లబోసుకున్నారు. వారం తిరక్కుండా 3,84,181 కార్లు వెనక్కి పిలిచారు. ఆ నవంబరులో ప్రపంచమంతటా మరో 16 లక్షల కార్లకు లోపలి సింథటిక్ ఆయిలు తీసేసి మినరల్ ఆయిలు పోశారు. వేడీ తేమా ఉండి, ట్రాఫిక్ ఆగుతూ సాగుతూ ఉండే చోట్ల ఆ ఆయిలు వల్ల లోపలి ఎలక్ట్రానిక్స్‌కి షార్ట్ సర్క్యూట్ కావొచ్చని. వేడి, తేమ, ఆగుతూ సాగే ట్రాఫిక్కు! అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రం ఆరింటికి వెళ్లినవాళ్లకు ఆ వర్ణన చదివితే నవ్వొస్తుంది. ఆ కార్లలో ఏదో ఒకదానికి రిమ్ములు మార్చి ఉన్నాయనుకోండి, ఎలక్ట్రానిక్స్ షార్టయినందుకు ఆ రిమ్ములు చూపించి పొమ్మనడం కుదురుతుందా?

ఇక మావాడి బండి. మెయిలు అందాక రీజినల్ ఆఫీసు నుంచి టెక్నికల్ మనిషి వచ్చాడు. నేనూ వెళ్లాను, చూడాలన్న సరదా కొద్దీ. బండిని లిఫ్టు మీద ఎత్తి, గేర్‌బాక్సు కింద ట్రే పెట్టి, డ్రెయిన్ బోల్టు తిప్పాడు. ఆయిలు సన్నటి ధారగా దిగింది. తెల్ల టిష్యూ కాగితం దాని కింద పట్టి వెలుతుర్లో చూశాడు. ఎర్రగా ఉంది, కాస్త ముదురు ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. మాడు వాసన లేదు. ప్లేట్లు కాలితే ఆ ఆయిలు నల్లగా, గోధుమరంగుగా మారి, మాడిన కంపు కొడుతుందట, ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరట.

తర్వాత కింది మూత విప్పాడు. దాని లోపల చిన్న చిన్న అయస్కాంతాలుంటాయి, అరిగిన ఇనుప పొడిని పట్టుకోవడానికి. వాటి మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. గరుకు తగల్లేదు. "ఇది మామూలే సార్, ప్రతి బండికీ ఉంటుంది. తళతళలాడే రేకులుంటేనే ప్రమాదం" అన్నాడు. మీటరు తెచ్చి, ఆయిల్ దారులుండే వాల్వ్ బాడీలో సొలెనాయిడ్లు ఒక్కొక్కటే కొలిచాడు. ఒకదాని దగ్గర ఆగాడు. తీగచుట్ట లోపలే తెగింది, కరెంటు పారట్లేదు. అది ఆయిల్ దారి తెరవకపోతే పై గేరు పడదు, ఉన్న గేరూ సరిగ్గా పట్టదు.

ఇందులో ట్యూనింగ్ బాక్సు చేసిందేముంది? తీగచుట్టకు ఇంజన్ ఎంత బలం పంపుతోందో అనవసరం. ఆ మనిషి నిజాయితీపరుడు, రిపోర్టులో అదే రాశాడు. వాల్వ్ బాడీ వారంటీ కింద మార్చారు. ఆయిలు, లేబరు మావాడు కట్టుకున్నాడు. దాని మీదా పేచీ పెట్టొచ్చు, వాడికి ఓపిక లేదు. జాబ్ కార్డులో మాత్రం ఒక వాక్యం చేర్చారు: వాహనానికి బయటి ట్యూనింగ్ పరికరం వాడినట్టు యజమాని ఒప్పుకున్నారు, ఇకపై ఫ్రిక్షన్ ప్లేట్లకు సంబంధించిన క్లెయిములు పరిశీలనకు లోబడి ఉంటాయి. నాకది సబబుగానే తోచింది. ఒప్పుకోవడం మంచిదైందని ఇందాక అన్నది ఇందుకే. బుకాయించి ఉంటే ఆ మనిషి ఆ రోజంతా పెట్టె ఆనవాళ్లు పట్టుకునే పనిలో ఉండేవాడు, సొలెనాయిడ్ దాకా వెళ్లేవాడు కాదు. అదే ఆయిలు నల్లగా దిగి ఉంటే? మెయిల్లో ఎంత మర్యాదగా రాసినా లాభం లేదు. వాడికి అదృష్టం కూడా కలిసొచ్చిందని వాడికే చెప్పాను, మొహం ముడుచుకున్నాడు.

ఒక చిన్న సంగతి, మధ్యలో చెప్పడం మరిచాను. ఆటోమేటిక్ బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్లనివ్వకండి. ఇంజన్ తిరిగితేనే గేర్‌బాక్సులో ఆయిలు పంపు తిరుగుతుంది. ఇంజన్ ఆపి చక్రాల మీద ఈడిస్తే లోపలి భాగాలు ఆయిలు లేకుండా ఒరుసుకుంటాయి. సొలెనాయిడ్‌తో పోయేది మొత్తం గేర్‌బాక్సు దాకా వస్తుంది, అప్పుడు ఎవరి తప్పో ఏ రిపోర్టూ తేల్చలేదు. బండి మొత్తం పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఎండలో నిలబడైనా ఆగండి.

ఇంతకీ ఆ పెట్టె ఏమైందంటారా? పారేశాడనుకున్నాను. ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాడట, 'రెండు నెలలే వాడింది' అని. కొన్నవాడు కూడా కొన్నాళ్లు ఎగిరి, తర్వాత బండే అమ్మేస్తాడు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కొనేవాళ్లు కిలోమీటర్లు, పెయింటు చూసి ఊరుకోకండి. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో ఆ నంబరు మీద ఉన్న హిస్టరీ మొత్తం తీయించండి, జాబ్ కార్డుల్లో మావాడికి రాసిన లాంటి వాక్యం ఎక్కడైనా ఉందేమో చదవండి. మిగిలిన ఎక్స్‌టెండెడ్ వారంటీ మీ పేరుకి మారుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే అడగండి. బండి చూడ్డానికి పొద్దున్నే, చెప్పిన టైముకి కాస్త ముందే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు మీకోసం ముందే తిప్పి ఉంచాడన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు అలాగే ఉంచి 'డి'లో వెయ్యండి. వెంటనే గేరు పట్టాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సేపు పట్టి, అప్పుడు దబ్బున కుదుపిచ్చిందంటే బేరమాడే పని కూడా పెట్టుకోకండి.